లండన్‌లో ఒక్క సాయంత్రం: ఏ పాత పబ్ మేలు?

పిల్లలు లండన్‌లో ఉన్నవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు. వీసా రాగానే ఒక్కొక్కళ్లూ వచ్చి అడిగేది ఒకటే. “గురువుగారూ, అక్కడ పాత పబ్ ఒక్కటన్నా చూడాలట కదా. మాకున్నది ఒక్క సాయంత్రం. ఏది మంచిది?”

అడిగేవాళ్లలో సగంమంది మందు ముట్టనివాళ్లు. ముట్టక్కర్లేదు కూడా. మా ఆవిడ రెండు ట్రిప్పుల్లో ఆరు పబ్బులు తిరిగింది, అన్నింట్లోనూ లైమ్ సోడాయే. ఎవరూ వింతగా చూళ్లేదు. పబ్ అనగానే మన విశాఖ సిరిపురంలో చెవులు చిల్లులు పడే పాటలు ఊహించుకోకండి. ఈ పాతవాటిలో చాలాచోట్ల మనుషుల మాటలు తప్ప ఇంకో చప్పుడుండదు.

మొదట అందరూ “అన్నిటికన్నా పాతది ఏది?” అంటారు. ఆ దారిన వెళ్తే తేలదు. 1666లో లండన్ నగరం తగలబడింది. పదేళ్లకి, 1676లో, థేమ్స్ నదికి దక్షిణాన సదర్క్ తగలబడింది. అందుకని బోర్డు మీద ఒక సంవత్సరం ఉంటుంది, గోడల వయసు ఇంకొకటి. మన గుళ్లకి స్థలపురాణం ఒక లెక్క, గోపురం ఒక లెక్క ఉన్నట్టే. 1520 అని రాసుకున్న చోట నేల రాళ్లు తప్ప మిగతాదంతా తర్వాత కట్టిందే.

గైడ్లందరూ ముందు పంపేది ఫ్లీట్ స్ట్రీట్‌లోని ‘యీ ఓల్డ్ చెషైర్ చీజ్’కి. అగ్నిప్రమాదం తర్వాత 1667లో తిరిగి కట్టింది. సన్నటి సందులోంచి లోపలికి వెళ్లాలి. ఆ పబ్ పుట్టాక గద్దెనెక్కిన రాజులు, రాణుల పేర్లన్నీ గుమ్మం పక్కన వరసగా రాసి పెట్టారు. ఇక్కడ పాలీ అని ఒక చిలక ఉండేది. 1926లో అది చచ్చిపోతే దేశదేశాల పేపర్లు వార్త వేశాయి. ఇంగ్లీషు నిఘంటువు రాసిన డాక్టర్ జాన్సన్ ఇల్లు రెండు సందుల అవతలే. చరిత్రకి లోటు లేదు, ఉన్న లోటల్లా వెలుతురే. కిందికి దిగేకొద్దీ గదులు చిన్నవవుతాయి, మెట్లు నిటారుగా ఉంటాయి. రెండో అంతస్తు కిందికి దిగాక మా ఆవిడ “ఇదేంటండీ, బొగ్గు గోదాంలా ఉంది” అంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పై గదిలోనే కూర్చోండి. దీన్ని నడిపే శామ్యూల్ స్మిత్ అనే బీరు కంపెనీ వాళ్లు తమ పబ్బుల్లో ఫోన్లు వాడనివ్వరు. సెల్ఫీ కోసమే వెళ్లేవాళ్లకి ఇది చాలు, వేరే చోటు చూసుకోడానికి.

లండన్ బ్రిడ్జ్ స్టేషన్ పక్కన ‘ది జార్జ్ ఇన్’ 1677 నాటిది. గుర్రపు బగ్గీలు ఆగిన సత్రం. చెక్క వరండాలు అంతస్తుల మీద అంతస్తులుగా ముంగిట్లోకి చూస్తుంటాయి. లండన్‌లో ఇలాంటి సత్రం ఇదొక్కటే మిగిలింది. అదీ మూడు పక్కలా ఉండాల్సింది ఒక పక్కే మిగిలింది. మిగతా రెండూ రైల్వే వాళ్లు కూల్చేశారు. ఇప్పుడు పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది. ఎండ ఉన్న రోజున ముంగిట్లో కూర్చుంటే హాయి. ఆఫీసులు వదిలాక మాత్రం కాలు పెట్టే చోటుండదు. ‘ది బ్లాక్‌ఫ్రయర్’ గోడల నిండా సన్యాసుల రాగి బొమ్మలు, పాలరాయి. పావుగంట చూడ్డానికి బాగుంటుంది. కోవెంట్ గార్డెన్‌లో ‘ల్యాంబ్ అండ్ ఫ్లాగ్’ పక్క సందులో 1679లో డ్రైడెన్ కవిని కిరాయి రౌడీలు కొట్టారు. కథ బాగుంది, పబ్ మామూలుది.

ఇక అసలు సంగతి. నేను హార్బర్‌లో లాంచీల మీద పాతికేళ్లు పనిచేసినవాణ్ణి. నా లెక్కలో ఒక్క సాయంత్రమే ఉంటే నది ఒడ్డున ఉన్న పబ్‌కే వెళ్లాలి. అలాంటివాటిలో నాకు నచ్చినవి రెండు: వాపింగ్‌లో ‘ప్రాస్పెక్ట్ ఆఫ్ విట్బీ’, దానికి నది అవతల రోథర్‌హైత్‌లో ‘ది మేఫ్లవర్’. రెంట్లో ఏది అన్నది పబ్‌ని బట్టి తేల్చకండి, నీటిని బట్టి తేల్చండి.

మనకి ఆటుకీ పోటుకీ తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు. రామకృష్ణా బీచ్‌లో నడిచేవాళ్లకి అది కంట్లో కూడా పడదు. థేమ్స్‌లో లండన్ బ్రిడ్జ్ దగ్గర పెద్ద పోట్లకి తేడా ఆరేడు మీటర్లు! రెండంతస్తుల మేడంత నీళ్లు ఆరు గంటల్లో వచ్చి, మళ్లీ ఆరు గంటల్లో వెళ్లిపోతాయి. మొదటిసారి చూసి నేను గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. పోటు వేళ నిండుగా ఉన్న నది, ఆటు వేళ ఇసక, గులకరాళ్లు, పాత గుంజలు బయటపడ్డ బీచి.

ప్రాస్పెక్ట్ ఆఫ్ విట్బీని చూడాల్సింది ఆటు వేళ. పబ్ పక్కన పెలికన్ స్టెయిర్స్ అని సన్నటి దారి ఉంది, మెట్లు దిగితే నది గర్భంలోకే. పైకి చూస్తే పబ్ వెనక గోడ, దాని ముందు ఒక ఉరికంబం, వేలాడుతున్న తాడు. “ఉరితాడు కట్టిన చోట కూర్చుని అన్నం తింటామా ఏమండీ?” అని మా ఆవిడ చాలాసేపు లోపలికే రాలేదు. తాడు ఇప్పటి వాళ్లు కట్టిందే గానీ కథ నిజం. సముద్రపు దొంగల్ని ఉరితీసిన ఎగ్జిక్యూషన్ డాక్ ఈ వాపింగ్ ఒడ్డునే ఉండేది. నీటి హద్దు దగ్గరే ఎందుకంటే, సముద్ర నేరాల మీద అధికారం నౌకా శాఖ కోర్టుది, ఆ అధికారం మొదలయ్యేది ఆటు గీత దగ్గర. శవాన్ని మూడు పోట్లు ముంచేదాకా దించేవాళ్లు కాదు.

సముద్రపు దొంగగా పేరుపడ్డ కెప్టెన్ కిడ్‌ని 1701 మే 23న ఇక్కడే ఉరితీశారు. మొదటిసారి తాడు తెగింది, మళ్లీ ఎక్కించారు. ఆయన మెడకి చుట్టుకున్నది మన వైపు ఓడే. బెంగాల్ సరుకుతో సూరత్ పోతున్న ‘కెదా మర్చంట్’ని 1698 జనవరిలో కేరళ తీరం దగ్గర పట్టుకున్నాడు. సరుకులో మొఘల్ దర్బారు పెద్దమనిషి వాటా ఉండడంతో ఈస్టిండియా కంపెనీకి ఊపిరాడలేదు. బంగాళాఖాతం దాటి వెళ్లిన ఆ ఓడ ఇక్కడ ఒక తాడుగా మిగిలింది.

లోపల తగరపు పలక పరిచిన బార్, రాతి నేల ఉన్నాయి. ఒకప్పుడు దీన్ని డెవిల్స్ టావెర్న్ అనేవాళ్లు. ఇప్పటి పేరు ఒడ్డున లంగరేసే విట్బీ ఊరి బొగ్గు ఓడది. బొగ్గు ఓడ సంగతి వన్‌టౌన్ వాళ్లకి నేను వేరే చెప్పాలా?

మేఫ్లవర్‌కి వెళ్లాల్సింది పోటు వేళ. వెనకవైపు నీటి మీదికి చెక్కల డెక్కు ఉంది. నీళ్లు కింద గుంజలకి కొట్టుకుంటుంటే లాంచీ మీద కూర్చున్నట్టే ఉంటుంది. 1620లో వలసదారుల్ని అమెరికాకి తీసుకెళ్లిన మేఫ్లవర్ ఓడ ఈ ఒడ్డు నుంచే బయల్దేరింది. దాని కెప్టెన్ క్రిస్టఫర్ జోన్స్‌ని ఎదురుగా ఉన్న సెయింట్ మేరీ చర్చి ఆవరణలో పాతిపెట్టారు. పబ్‌కి ఆ పేరు పెట్టింది మాత్రం 1957లోనే. చలికాలంలో లోపల నెగడు వేస్తారు. ఆటు వేళ వెళ్తే డెక్కు కింద బురద కనిపిస్తుంది, సగం అందం పోతుంది.

ఏ రోజుకి ఏ పబ్ అన్నది పంచాంగం చూసి అంచనా వేయొచ్చు. స్థూలంగా అమావాస్య, పౌర్ణమి రోజుల్లో అక్కడ పోటు మధ్యాహ్నం రెండు మూడు గంటలకి వస్తుంది, చీకటి పడే వేళకి ఆటు. ఆ రోజుల్లో వాపింగ్. అష్టమి ప్రాంతాల్లో సాయంత్రం నీళ్లు నిండుతాయి, అప్పుడు మేఫ్లవర్. కచ్చితమైన గంట కావాలంటే పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ ఇచ్చే పట్టిక చూడండి. చలికాలం నాలుగింటికే చీకటి కాబట్టి ఆ నెలల్లో మెట్లు దిగొద్దు. ఎప్పుడు దిగినా పాచి పట్టిన మెట్లు జారతాయి, నీళ్లు అనుకున్నదానికన్నా వేగంగా వస్తాయి. గవ్వలూ పెంకులూ ఏరకండి, ఒడ్డున వెతకడానికి ఆ పోర్ట్ అథారిటీ అనుమతి కావాలి.

వీలుంటే రెండూ చూడొచ్చు. వాపింగ్, రోథర్‌హైత్ పక్కపక్క స్టేషన్లు. మధ్యలో రైలు దూరేది బ్రూనెల్ అనే ఇంజనీరు కట్టి 1843లో తెరిచిన సొరంగంలోంచి. మీరు సీట్లో ఉండగా నది నెత్తి మీద ఉంటుంది.

తాగేవాళ్లకి ఒక మాట. చేతి పంపుతో లాగి పోసే ఏల్ అనే బీరు 11 నుంచి 13 డిగ్రీల్లో ఉంటుంది. ఫ్రిజ్ పాడైందని గొడవ పడకండి. కౌంటర్ దగ్గరికి మీరే వెళ్లి చెప్పాలి, టేబుల్ దగ్గర కూర్చుంటే రాత్రయినా ఎవరూ రారు.

నాకు ఆటు వేళ వాపింగే ఇష్టం. మొన్న బయల్దేరిన పక్కింటాయన తేదీలకి పట్టిక చూశాను, పౌర్ణమి రోజు తగిలింది. ‘వాపింగ్, సాయంత్రం ఏడున్నర’ అని రాసిచ్చాను. ఆయన భార్యకి మా ఆవిడ వేరే చీటీ మీద మేఫ్లవర్ అని రాసిచ్చిందట.