ఏటిగట్టు ఎక్కేటప్పుడు చేతికందే పట్టీ: బ్రెస్ట్‌ప్లేట్ చాలాకాలం వాడాక

బ్రెస్ట్‌ప్లేట్ అంటే గుర్రం మెడ చుట్టూ, ఛాతీ మీదుగా వచ్చి జీనుకి తగిలే తోలుపట్టీలు. అది ఎందుకంటే అందరూ చెప్పేది ఒకటే: ఎక్కుడులో జీను వెనక్కి జారకుండా ఆపుతుందని. ఆపుతుంది, కాదనను. కానీ ఇన్నాళ్లు వాడాక నాకు దీని మీద ఇంత ఇష్టం ఏర్పడింది అందుకు కాదు. మెడ చుట్టూ వచ్చే పట్టీ నేర్చుకునేవాళ్ల చేతికి అందుతుంది చూడండి, అందుకు.

డెల్టాలో కొండలు లేవు. లంకల్లో, కాలవగట్ల మీద స్వారీ నేర్చుకున్న పిల్లలకి చదునునేల తప్ప ఇంకోటి తెలీదు. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు కొండదారి పట్టించే ముందు వాలు అలవాటు చేయాలంటే మనకున్నవి గోదారి ఏటిగట్టు, ఇసుక ర్యాంపులే. ర్యాంపు మొదలవగానే గుర్రం వెనకకాళ్లతో గట్టిగా తన్ని మెడ ముందుకు చాస్తుంది. కొత్తవాళ్లు వెనక్కి తూలతారు, తూలుతూ చేతిలో ఉన్నదాన్ని లాగుతారు. చేతిలో ఉన్నవి పగ్గాలు. నోట్లో కడ్డీ నొక్కుకుని గుర్రం తలెత్తేస్తుంది. తలెత్తితే కాళ్ల ముందు నేల సరిగా కనబడదు, మెడతో బరువు సర్దుకోవడం కుదరదు, అక్కడే ముందుకాలు తడబడుతుంది.

మెడపట్టీ ఉంటే ఈ గొడవంతా తప్పుతుంది. పగ్గాలు రెండూ ఎడమచేతిలోకి, వదులుగా. కుడిచేతి వేళ్లు పట్టీ కిందికి. నడుం దగ్గర ముందుకు వంగి, జీను మీంచి కొద్దిగా లేచి, బరువు రికాబుల్లోకి దింపాలి. మడమలు కిందికి, చూపు గట్టు పైకి. జూలు పట్టుకోవచ్చు కదా అంటారు. పట్టుకోవచ్చు, తప్పేం లేదు. కానీ గుర్రానికి నొప్పేమోనని పిల్లలు సగంలో వదిలేస్తారు. పట్టీని వదలరు.

అమరిక మాత్రం చూసుకోవాలి. ఛాతీ దగ్గర పట్టీకీ ఒంటికీ మధ్య పిడికిలి పట్టాలి. ముందుకాళ్ల మధ్యనుంచి గర్త్‌కి, అంటే జీనుని పొట్ట కింద బిగించే పట్టీకి, వెళ్లే పట్టీ వేలాడితే కాలు ఇరుక్కుంటుంది, బిగిస్తే భుజం ఆడక అడుగు కురచవుతుంది.

ఇక మాకు ఒకసారి ఇది వాలు మీద ఊడిన సంగతి. పట్టీ తెగలేదు, దాన్ని తగిలించే, జీను ముందున్న డీ (D) ఆకారపు రింగు ఊడింది. వాన వెలిసిన మర్నాడు, ర్యాంపు మీద ఒండ్రుమట్టి పైపొర ఎండి లోపల జిగటగానే ఉంది. సగం ఎక్కాక గుర్రం వెనకకాలు జారి, అది నిలదొక్కుకోవడానికి రెండు గెంతులు గెంతింది. పైనున్న అమ్మాయి బరువు జీను వెనకభాగం మీద పడింది. ఆ లాగుడంతా బ్రెస్ట్‌ప్లేట్ పై పట్టీల మీదకి, వాటిని తగిలించిన రెండు రింగుల మీదకి వచ్చింది. ఎడమ రింగు తోలుతో సహా ఊడొచ్చింది. కుడిది పట్టి ఉంది కాబట్టి జీను ఎడమవైపు మాత్రమే వెనక్కి జరిగి మెలి తిరిగింది. ఆ అమ్మాయి జూలు పట్టుకుని ముందుకు వంగి, రెండు కాళ్లూ రికాబుల్లోంచి తీసి, గట్టు ఎగువ వైపుకి దిగింది. ఎప్పుడూ ఎగువకే దిగాలి. దిగువకి దిగితే గుర్రం మన మీదకే జారుతుంది.

విప్పి చూస్తే ఆ రింగుని పట్టి ఉంచినవి రెండు చిన్న మేకులు, ఓ తోలుముక్క. జీను లోపలి చట్రానికి దానికీ సంబంధమే లేదు. చాలా జీన్లకి ముందు రింగులు ఇలాగే ఉంటాయి. అవి కోటో సంచో కట్టుకోవడానికి సరిపోతాయి గానీ మనిషి బరువు లాగితే ఆగవు. అప్పట్నుంచి పై పట్టీలను రింగులకి కాకుండా, జీను రెక్క కింద గర్త్ బిగించే మొదటి పట్టీలకి చుట్టి కడుతున్నాం. కొనేముందు మీ జీను రింగుని వేళ్లతో గట్టిగా అటూ ఇటూ ఆడించి చూడండి, దాన్ని దేనికి బిగించారో అడగండి.

దిగుడులో బ్రెస్ట్‌ప్లేట్ దేనికీ పనికిరాదని కూడా చెప్పాలి. అక్కడ జీను మెడమీదకి జరుగుతుంది, దాన్ని ఆపేది తోకపట్టీ, అంతకంటే ముందు ఆ వీపుకి సరిపడే జీను. దిగేటప్పుడు వెనక్కి వాలిపోనివ్వకండి, నిటారుగా కూర్చోబెట్టండి. జారుడు వాలు మీద నడకలోనే, తిన్నగా దింపాలి. అడ్డంగా తిప్పితే నాలుగు కాళ్లూ ఒక్క పక్కకి జారతాయి. ముందు గుర్రానికి కనీసం రెండు గుర్రాల ఎడం ఉండాలి.

ఇంకో చిక్కు ఉంది. వదులు గర్త్‌ని ఇది కొంతసేపు దాచిపెడుతుంది. కాసేపు నడిచాక గర్త్ ఎలాగూ వదులవుతుంది, వాలు ఎక్కించే ముందు దిగి మళ్లీ బిగించాల్సిందే. పిల్లలు కూడా పట్టీకి వేలాడడం మరిగితే కాళ్లలో పట్టు రాదు. కాస్త కుదురుకున్నాక రెండు వేళ్లు మాత్రం తగిలించమంటాను.

తోలు సంగతికొస్తే, మన తేమకి శ్రావణ భాద్రపదాల్లో రాత్రికి రాత్రే బూజు. సగం నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి నీడలో గాలికి ఆరబెడితే పోతుంది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పట్టించొద్దు, తోలు మెత్తబడి సాగుతుంది. రింగులు ఇత్తడివే తీసుకోండి. అయస్కాంతం అతుక్కుంటే అది ఇత్తడి కాదు.

మా గుర్రాలవి జీను నిలవని చదును వీపులు, ఎక్కేవాళ్లలో ఎక్కువమంది కొత్త. అందుకే మాకు ఇది లేకుండా గట్టెక్కించే పని లేదు. మీ గుర్రానికి జీను కుదురుగా కూర్చుని, మీరు తిరిగేది అంతర్వేది ఇసుకలోనో కాలవగట్టు మీదో అయితే, ఆ డబ్బు ముందు మంచి గర్త్‌కి పెట్టండి. మెడపట్టీకి పాత రికాబు తోలు ఒకటి మెడకి కట్టినా సరిపోతుంది.