జాగ్రత్త: నక్షత్ర వీక్షకుల కోసం ప్రత్యేక వాతావరణ సూచన అంటూ అమ్మే యాప్‌లకు చందా కట్టే ముందు

విజయవాడ, గుంటూరు పరిసరాల్లో సొంత టెలిస్కోపుతోనో, మంచి బైనాక్యులర్‌తోనో ఆకాశం చూసే అలవాటున్న మిత్రులకు, ముఖ్యంగా ఈ మధ్యే టెలిస్కోపు కొన్నవారికి ఈ హెచ్చరిక. నక్షత్ర వీక్షకులకు మాత్రమే తయారుచేసిన వాతావరణ సూచన అని ప్రచారం చేసుకుంటున్న ఒక యాప్‌కు 2025 సంక్రాంతి ఆఫర్‌లో ఏడాది చందాగా 2,999 రూపాయలు చెల్లించాను. అది చూపిన అంకెలకూ మన ఆకాశానికీ పొంతన కుదరలేదన్నది నా మొదటి ఫిర్యాదు. డబ్బు వెనక్కు అడిగినప్పుడు వారు వ్యవహరించిన తీరు రెండోది. వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో విషయం ఇంకా నడుస్తున్నందున పేరు రాయడం లేదు. పేరుతో పెద్ద పని కూడా లేదు. ఇదే పద్ధతిలో అమ్ముడవుతున్న యాప్‌లు మరికొన్ని కనిపిస్తున్నాయి, గుర్తుపట్టే లక్షణాలు అన్నింటికీ ఇంచుమించు ఒకటే.

ప్రకటనలో మూడు హామీలు ఉన్నాయి: మీరు నిలబడిన చోటికి ఒక కిలోమీటరు కచ్చితత్వంతో మేఘాల సమాచారం, 30 రోజుల ముందు నుంచే గంటగంటకూ సూచన, ప్రతి రాత్రికీ సీయింగ్‌కు (గాలి కదలికకు వణకకుండా చుక్కలు ఎంత నిలకడగా కనిపిస్తాయన్నది), పారదర్శకతకు (గాలి ఎంత స్వచ్ఛంగా ఉందన్నది) మార్కులు. వారం రోజులు ఉచితంగా వాడి చూసుకోవచ్చు. ఆ వారం రోజులూ యాప్ చెప్పింది చెప్పినట్టు జరిగింది. జరగక ఏమవుతుంది? జనవరి నుంచి మార్చి వరకు కృష్ణా, గుంటూరు, పల్నాడు జిల్లాల మీద రాత్రి ఆకాశం చాలావరకు నిర్మలంగానే ఉంటుంది. ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగిన తరువాత, ఎండలు ముదిరి సాయంత్రపు ఉరుములు మొదలయ్యే లోపు మనకు దొరికే మంచి కాలం అదే. ఆ రోజుల్లో కళ్లు మూసుకుని నిర్మలమని చెప్పినా తప్పయ్యే అవకాశం తక్కువ. ఇలాంటి ఆఫర్లు సంక్రాంతికే ఎందుకు వస్తాయో నేను చెప్పనక్కరలేదు. ఏ సూచననైనా పరీక్షించవలసింది సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల్లో, అంటే బంగాళాఖాతంలో రోజుకొక ఉపరితల ఆవర్తనం పేరు వినిపించే కాలంలో.

ఆ కాలం వచ్చాక ఏం జరిగిందో ఒక్క రాత్రి చెబితే చాలు. నవంబరులో ఒక శనివారం మేము కొందరం కోటప్పకొండ దిగువన టెలిస్కోపులు పెట్టుకున్నాం. ఆ నెలలో శని వలయాలు మన చూపుకు దాదాపు అంచువైపు తిరిగి సన్నని గీతలా ఉన్నాయి; ఏళ్లకొకసారి దక్కే ఆ దృశ్యం కోసమే అంత దూరం వెళ్లాం. యాప్‌లో మేఘాలు 4 శాతం, సీయింగ్ అయిదుకు నాలుగు, పారదర్శకత ఉత్తమం అని ఉంది. తలెత్తి చూస్తే కృత్తికల్లో ఒక్క చుక్క కూడా విడిగా కనిపించడం లేదు, ఆ చోట తెల్లటి మరక మాత్రం ఉంది. శనిగ్రహం చుట్టూ పాలిపోయిన వెలుగు కమ్ముకుని ఉంది. చాలా ఎత్తులో పల్చటి మేఘపు పొర ఆకాశమంతా పరుచుకుందనడానికి అంతకంటే వేరే గుర్తు అక్కరలేదు. వాతావరణ శాఖ సైటులో ఇన్‌శాట్ ఉపగ్రహం వేడిని బట్టి తీసే పరారుణ చిత్రం తెరిస్తే, నైరుతి బంగాళాఖాతంలోని అల్పపీడనం నుంచి ఎగసిన మేఘాల తెర కోస్తా మీదుగా పల్నాడు దాకా సాగి స్పష్టంగా కనిపించింది. పది దాటేసరికి టెలిస్కోపు గొట్టం మీద చెమట పట్టింది, గురి చూసుకునే చిన్న దుర్భిణి (ఫైండర్) అద్దం మసకబారింది, తెచ్చుకున్న పటాల కాగితాలు మెత్తబడ్డాయి. అప్పటికీ యాప్ తెర మీద నిర్మలమని చెప్పే ఆకుపచ్చ గడులు అలాగే ఉన్నాయి. సూచన తప్పడం పెద్ద నేరం కాదు, వాతావరణ శాఖ సూచనలూ తప్పుతాయి. కానీ అల్పపీడనం సంగతి ఆ ఉదయం పత్రికల్లోనే ఉంది, ఎత్తైన మేఘాల తెర ఉపగ్రహ చిత్రంలో ఉంది, డబ్బు పుచ్చుకున్న యాప్‌లో మాత్రం లేదు.

కారణమేమిటని వెదికితే తెలిసిన సంగతి ఇది. ఇలాంటి యాప్‌లకు సొంత ఉపగ్రహాలు గానీ, సొంత వాతావరణ నమూనాలు (రాబోయే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు) గానీ ఉండవు. అమెరికా ప్రభుత్వ సంస్థ నడిపే జీఎఫ్‌ఎస్ నమూనా ఫలితాలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఈ యాప్ సహాయ పుటలో అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఆ పేరే ఉంది. అందరికీ అందుబాటులో ఉండే ఆ ఫలితాలు పావు డిగ్రీ గడితో, అంటే సుమారు 28 కిలోమీటర్లకు ఒక బిందువు చొప్పున వస్తాయి. విజయవాడ నుంచి గుంటూరుకు సూటిగా కొలిస్తే దాదాపు 30 కిలోమీటర్లు. అంటే ఈ రెండు నగరాల మధ్య ఉన్న తాడేపల్లి, మంగళగిరి, పెదకాకాని వంటి ఊళ్లకు యాప్ చూపించే వేర్వేరు అంకెలు ఎవరూ విడివిడిగా లెక్కగట్టినవి కావు. ఆ చివర అంకెకూ ఈ చివర అంకెకూ మధ్య గీత గీసి దూరాన్ని బట్టి పంచినవి. మీరే పరీక్షించుకోవచ్చు: ఒకే గంటకు ఈ ఊళ్లను వరుసగా నమోదు చేసి చూడండి, మేఘాల శాతం మెట్లుమెట్లుగా పెరుగుతూనో తగ్గుతూనో పోతుంది. నిజమైన మేఘం అంత క్రమశిక్షణతో ఉండదు.

ఒక కిలోమీటరు కచ్చితత్వం అన్న మాటను తూచడానికి మరో కొలత చెబుతాను. ప్రపంచం మొత్తానికి సూచన ఇచ్చే నమూనాల్లో మంచి పేరున్న ఐరోపా వాతావరణ కేంద్రం వారి నమూనా గడి 9 కిలోమీటర్లు. మన వాతావరణ శాఖ 2025 మే నెలలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడి 6 కిలోమీటర్లు. ఇంతటి సంస్థలు సూపర్ కంప్యూటర్లు పెట్టుకుని 6 దగ్గర ఆగితే, నెలకు 250 రూపాయల యాప్ ఒక కిలోమీటరు దగ్గరకు ఎలా చేరిందో అమ్మేవారిని అడగండి. సూర్యలంక తీరానికి వెళ్లేవారు ఇంకొకటి గమనించాలి. పెద్ద గడుల నమూనాలో తీరం పక్కన ఉన్న బిందువు కొన్నిసార్లు సముద్రంలో పడుతుంది. అప్పుడు తెర మీద కనిపించేది సముద్రం మీది ఉష్ణోగ్రత, తేమ. ఇసుక మీద మీ టెలిస్కోపు దగ్గరి పరిస్థితి వేరు.

30 రోజుల సూచన సంగతి ఇంకా తేలిక. జీఎఫ్‌ఎస్ లెక్కే 16 రోజులతో ముగుస్తుంది; అందులోనూ గంటగంటకూ ఫలితాలు మొదటి అయిదు రోజులకే, ఆ తరువాత మూడు గంటలకొకసారి. పదిహేడో రోజు రాత్రి ఒంటిగంటకు 12 శాతం మేఘాలు అని రాసి ఉంటే అది సూచన కాదు, అలంకారం. గట్టిగా చెప్పాలంటే మేఘాల విషయంలో మూడు రోజులు దాటిన అంకెను నేను ప్రయాణం ఖాయం చేసుకోవడానికి వాడను.

సీయింగ్ మార్కుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. సీయింగ్, పారదర్శకతల సూచనల్లో ఔత్సాహికులు ఎక్కువగా నమ్మేది కెనడా వాతావరణ కేంద్రం లెక్కలను. క్లియర్ స్కై చార్టులు అనే వీక్షణ సూచన పట్టికలు వాటి మీదే ఆధారపడతాయి, అవి ఉత్తర అమెరికాకే పరిమితం. నేను చందా కట్టిన యాప్ తన ప్రచారంలో ఆ ఖ్యాతిని వాడుకుంటూ, ఇతర ప్రాంతాలకు అంచనా విలువలు చూపుతామని సహాయ పుటలో ఒక్క వాక్యంతో సరిపెట్టింది. సాధారణంగా సీయింగ్ లెక్కల్లో పైపొరల్లో అతివేగంగా వీచే గాలికి, అంటే జెట్ ప్రవాహానికి పెద్దపీట ఉంటుంది. శీతకాలంలో ఆ బలమైన పడమటి జెట్ ఉత్తర భారతం మీద ఉంటుంది. దక్షిణాదిన తూర్పు జెట్ వీచేది నైరుతి రుతుపవనాల కాలంలో, అప్పుడు ఎలాగూ చూడడానికి ఆకాశమే దొరకదు. కాబట్టి శీతకాలంలో మన దగ్గర సీయింగ్‌ను చెడగొట్టేవి చాలావరకు కిందనే ఉంటాయి: పగలంతా కాగి రాత్రి వేడి వదిలే డాబాలు, ఇంకా చల్లారని టెలిస్కోపు అద్దం. ఇవి ఏ నమూనాకూ తెలియవు.

పారదర్శకతకు మన ప్రాంతంలో అసలు శత్రువులు తేమ, పొగ. ఈ యాప్ తేమను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుందని నాకు అర్థమైంది. వరి కోతల తరువాత పొలాల్లో గడ్డి తగలబెట్టే రోజుల్లో దిక్చక్రానికి చాలా ఎత్తు వరకు గోధుమరంగు పొర నిలిచి ఉంటే అది ఉత్తమం అనే చెప్పింది. ఆ తరువాత వచ్చిన భోగి తెల్లవారుజామున కూడా అదే మాట. ఊరంతా మంటలు వేసుకున్న ఉదయం విజయవాడ ఆకాశానికి ఉత్తమ శ్రేణి ఇచ్చిన సూచన గురించి ఇంకేం రాయాలి?

గ్రహణాల వంటి సందర్భాల్లో నష్టం వేరు రకంగా ఉంటుంది. 2025 సెప్టెంబరు 7న చంద్రగ్రహణం సంపూర్ణ దశ మన సమయం ప్రకారం రాత్రి 11.01 నుంచి 12.22 వరకు సాగింది. అలాంటప్పుడు మనకు కావలసింది ఆ ఎనభై నిమిషాల్లో మేఘాల మధ్య సందు దొరుకుతుందా అన్న ఒక్క సమాచారం. యాప్ ఆ గంటకు ఉదయం 20 శాతం, మధ్యాహ్నం 85, సాయంత్రం 35 అని చూపింది. నమూనాలు రోజుకు నాలుగుసార్లు కొత్తగా లెక్కగడతాయి గనుక అంకె మారడంలో వింత లేదు. నా అభ్యంతరమల్లా అంత ఊగిసలాట ఉన్నప్పుడు కూడా ప్రతి అంకెనూ సందేహానికి తావులేని ఆకుపచ్చ, ఎరుపు గడుల్లో పెట్టడం మీదే. పైగా గంటల వరుసలో మన సమయానికి అరగంట తేడా వస్తోంది. గ్రీనిచ్ సమయానికి అయిదున్నర గంటలు కలపవలసిన చోట అయిదే కలిపినట్టుంది. ఫిర్యాదు చేసినా సరిచేయలేదు.

డబ్బు కట్టకుండానే ఇంతకంటే నమ్మకమైన సమాచారం దొరుకుతుంది. విండీ అనే సైటులో ఐరోపా నమూనా, జీఎఫ్‌ఎస్, జర్మనీ వారి ఐకాన్ నమూనాలను ఒకే చోట పోల్చుకోవచ్చు. కింది, మధ్య, పై మేఘాలు విడివిడిగా కనిపిస్తాయి. అవి ఒకే మాట చెబితే ప్రయాణం, తలోదారి పడితే ఇంటి డాబా అన్నది నా పద్ధతి. మెటియోబ్లూలో ఖగోళ వీక్షణకు ప్రత్యేక పట్టిక ఉంది. సెవెన్ టైమర్, క్లియర్ అవుట్‌సైడ్ కూడా ఉచితమే, కానీ ఇవన్నీ చివరికి నమూనాలే. బయలుదేరే రెండు గంటల ముందు మాత్రం చూడవలసింది వాతావరణ శాఖ ప్రచురించే ఇన్‌శాట్ చిత్రాలు. రాత్రిపూట దృశ్యకాంతి చిత్రం నల్లగా ఉంటుంది కాబట్టి పరారుణ చిత్రం తెరవాలి. వరుసగా నాలుగైదు చిత్రాలు చూస్తే మేఘాలు ఎటు కదులుతున్నాయో అర్థమవుతుంది. అయితే శీతకాలపు తెల్లవారుజామున నేలకు దగ్గరగా పరుచుకునే మేఘాలు, పొగమంచు అందులో సరిగా కనిపించవు, ఎందుకంటే వాటి ఉష్ణోగ్రత నేల ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. మచిలీపట్నం డాప్లర్ రాడార్ చిత్రం శుభ్రంగా ఉందని ఆకాశం నిర్మలమనుకోవడం కూడా పొరపాటే. రాడార్ చూసేది వాన చినుకులను, పల్చటి మేఘాలను కాదు. ఇక మంచు సంగతికి గాలి ఉష్ణోగ్రత, తుషార బిందువు (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా మూడు డిగ్రీల లోపుకు వస్తుంటే అద్దాలు తడుస్తాయి. డెల్టాలో కాలువల పక్కన అయితే ఇంకా ముందే తడుస్తాయి.

చివరిగా డబ్బు విషయం. నవంబరు తరువాత స్క్రీన్‌షాట్లు, అదే గంటకు చెందిన ఉపగ్రహ చిత్రాలు జతచేసి మిగిలిన కాలానికి రీఫండ్ అడిగాను. సూచన అంటేనే అంచనా, అంచనాకు హామీ ఉండదు అని జవాబు వచ్చింది. ఒక కిలోమీటరు కచ్చితత్వం అన్న ప్రకటన గురించి అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు. చందా రద్దు చేసే మీట యాప్‌లో ఎక్కడా లేదు. ఉచిత వారం మొదలుపెట్టేటప్పుడు ఒప్పుకున్న యూపీఐ ఆటోపే (గడువు రాగానే ఖాతా నుంచి సొమ్ము దానంతటదే కోసుకునే అనుమతి) మాత్రం బతికే ఉంది. ఇలా చేరడం సులువుగా, బయటపడడం కష్టంగా పెట్టే పద్ధతిని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో విడుదల చేసిన మార్గదర్శకాల్లో మోసపూరిత పద్ధతుల జాబితాలో చేర్చింది. ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేస్తే చాలు. ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు, మీరు రాసిన మెయిళ్లు దగ్గర పెట్టుకోండి.

ఆటోపేను మాత్రం ఫిర్యాదు తేలేదాకా ఆగకుండా ఫోన్‌పే గానీ, గూగుల్ పే గానీ, ఏది వాడితే అందులోని ఆటోపే విభాగంలోకి వెళ్లి మీరే రద్దు చేయండి. అక్కడ యాప్ పేరు కోసం వెదికితే కనిపించకపోవచ్చు; నా విషయంలో చెల్లింపులు వసూలు చేసే మధ్యవర్తి సంస్థ పేరుంది. సొమ్ము కోయడానికి కనీసం 24 గంటల ముందు సమాచారం పంపాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆ సందేశం కూడా అదే తెలియని పేరుతో, సంక్రాంతి శుభాకాంక్షల సందేశాల మధ్య వచ్చింది. పేరు గుర్తురాని సంస్థకు 2,999 అని కనిపిస్తే తోసేయకండి. రద్దు చేశాక వచ్చే ధ్రువీకరణ సందేశాన్ని కూడా దాచుకోండి. మళ్లీ కోత ప్రయత్నం జరిగినప్పుడు బ్యాంకు వారు నన్ను అడిగింది అదే.