పాత పసుపు టీ గులాబీల్లో ఏది మేలు?

1874లో ఫ్రాన్సులోని లియాన్ నగరవాసి ఆంట్వాన్ లెవే ‘పెర్ల్ దె జార్దాఁ’ అనే కొత్త గులాబీ రకాన్ని విడుదల చేసేనాటికే, అంతకు పదేళ్ళ ముందు ప్రదాల్ అనే మరో పెంపకందారు అందించిన ‘మరెషల్ నీల్’ పసుపు గులాబీల్లో మేటిగా పేరు తెచ్చుకుంది. ఆనాటి నర్సరీల కేటలాగులు రెండింటినీ ఒకే తీరున పొగిడాయి కనుక, ఆ పొగడ్తలను పోల్చి ఒకదాన్ని ఎంచుకోవడం కుదరదు. ఆ వర్ణన ఆరుబయట పెరిగిన మొక్కదా, అద్దాల ఇంట్లో పెరిగిన మొక్కదా అన్నదే అసలు విషయం.

ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియన్ యుద్ధ మంత్రి అడాల్ఫ్ నీల్ పేరు పెట్టుకున్న మరెషల్ నీల్ తీగ జాతి మొక్క. దాన్ని టీ గులాబీల్లో (చైనా గులాబీల సంతతి, చలికి ఓర్వని వర్గం) చేర్చినవారూ ఉన్నారు, నాయిసెట్ గులాబీల్లో (అమెరికాలో మొదలైన, ఎక్కువగా తీగలుగా పెరిగే మరో వర్గం) చేర్చినవారూ ఉన్నారు. పూవు పెద్దది, చిక్కటి బంగారు పసుపు, పరిమళం ఘనం. అయితే కాడ బలహీనం కావడంతో పూవు తలవాల్చేస్తుంది. పూలజాడీకి ఇది లోపమే గాని, పైకప్పు వెంట పాకిన తీగను కింద నిలబడి చూసేవారికి వరమని నా అభిప్రాయం. చలికి ఓర్వదు కనుక ఇంగ్లండులో దీన్ని ఎక్కువగా అద్దాల కిందే పెంచారు.

పెర్ల్ దె జార్దాఁ పొద మొక్క. దీని రంగును ఒకరు ఎండుగడ్డి పసుపన్నారు, ఒకరు కేనరీ పిట్ట పసుపన్నారు, మరొకరు బంగారు వన్నె అన్నారు. వీటిలో ఏదీ అబద్ధం కాదు, ఎందుకంటే ఎండ తీవ్రతను బట్టి, వేడిని బట్టి ఈ పూవు పసుపు చిక్కబడుతుంది, పలచబడుతుంది. రేకులు మరీ దట్టం కావడంతో ముసురు పట్టినప్పుడు పై రేకులు అతుక్కుపోయి, మొగ్గ విచ్చకుండానే కుళ్ళిపోతుంది. తేమను అదుపులో ఉంచగలిగిన అమెరికా పూల వ్యాపారుల అద్దాల ఇళ్ళలో మాత్రం ఇదే ముఖ్యమైన పసుపు గులాబీగా చాలాకాలం వెలిగింది.

ఈ రెండింటికంటే పాతదైన ‘సఫ్రానో’ 1839 నాటిది. కుంకుమపువ్వు ఛాయగల దీని మొగ్గనే అందరూ మెచ్చుకున్నారు. విచ్చాక రంగు త్వరగా వెలిసిపోతుంది. రేకులు తక్కువ కనుక తేమలోనూ తేలికగా విచ్చుకుంటుంది.

వాన తగలని చోట, చిన్న స్థలంలో పెంచేవారికి నేను పెర్ల్ దె జార్దాఁనే సూచిస్తాను. వెచ్చటి గోడ, దాని మీద తీగ అల్లుకునే జాగా ఉన్నవారికి మరెషల్ నీల్ మేలు. వానలు ఎక్కువగా పడే ఆరుబయట తోటలో మాత్రం, అందంలో ఒక మెట్టు తక్కువైనా, సఫ్రానోనే నాటాలి.