‘40 వాట్ల’ లేజర్ ఎన్‌గ్రేవర్ కొనబోతున్నారా? ముందు అడాప్టర్ మీద లేబుల్ చదవండి

చెక్కతో స్నోఫ్లేక్‌లు, మంచుబొమ్మలు, రెయిన్‌డీర్‌లు చేసుకుందామని కొత్తగా లేజర్ ఎన్‌గ్రేవర్ (లేజర్ కిరణంతో చెక్క మీద చెక్కే, కోసే మెషీన్) వెతుకుతున్నవాళ్లు ఆర్డర్ పెట్టేముందు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. నేను మోసపోయాను. మెషీన్ పనిచేయదని కాదు, పనిచేస్తుంది. అమ్మినవాళ్లు చెప్పిన పని మాత్రం చేయదు. దాంతోపాటు అంటగట్టిన సరుకు ఇంకా అన్యాయం.

ప్రకటనలో ఇంత లావు అక్షరాలతో ‘40 వాట్లు’ అని ఉంది. వీడియోలో 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ని ఒక్క పాస్‌లో, అంటే కిరణం గీత మీదుగా ఒక్కసారి వెళ్లేసరికే, వెన్న కోసినట్టు కోసేస్తోంది. పొరలు పొరలుగా అతికించిన మంచుకొండలు, సన్నటి కొమ్మలున్న స్నోఫ్లేక్‌లు, అంచుల్లో ఎక్కడా మసి లేదు. చూసి మురిసిపోయి ఏకంగా ‘వింటర్ స్టార్టర్ కిట్’ తీసుకున్నాను. అందులో మెషీన్, కళ్లద్దాలు, ప్లైవుడ్ షీట్లు, మంచులా కనిపించే తెల్ల స్టిక్కర్ షీట్లు ఉన్నాయి.

మొదటి స్నోఫ్లేక్ అరచేతంత సైజులో పెట్టాను. ఒక పాస్ అయ్యాక తిప్పి చూస్తే వెనకవైపు మచ్చ కూడా పడలేదు. రెండు, మూడు, నాలుగు... ఆరో పాస్‌కి అక్కడక్కడా తెగింది. అప్పటికి అంచులు బొగ్గయిపోయాయి. పట్టుకుని పైకి తీస్తే నా బొటనవేలి ముద్ర చెక్క మీద నల్లగా పడింది. వేగం తగ్గించాను, ఫోకస్ మళ్లీ సరిచేశాను, లెన్స్ తుడిచాను. రెండు రాత్రులు నా సెట్టింగులే తప్పేమో అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడో రోజు ఎందుకో అడాప్టర్ తిప్పి చూశాను. 12 వోల్టులు, 4 ఆంపియర్లు అని ఉంది. హెచ్చవేస్తే 48 వాట్లు. అడాప్టర్ ఇవ్వగలిగిన మొత్తం అంతే. మోటార్లు, ఫ్యాన్, బోర్డు అన్నీ అందులోంచే నడవాలి. పైగా ఇలాంటి మెషీన్‌లో కిరణాన్ని పుట్టించే లేజర్ డయోడ్ తినే కరెంటులో సగం కూడా వెలుగుగా మారదు, మిగతాదంతా వేడిగా పోతుంది. మరి 40 వాట్ల వెలుగు ఎక్కణ్నుంచి ఊడిపడుతుంది? మాన్యువల్ ఆఖరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో జవాబు దొరికింది: ‘ఆప్టికల్ పవర్ 5 వాట్లు’.

ఆప్టికల్ పవర్ అంటే వెలుగుగా బయటికొచ్చే పవర్, చెక్కని కోసేది అదే. మామూలుగా నీలి డయోడ్ ఒక్కటి 5 వాట్ల చుట్టుపక్కల ఇస్తుంది. 10 వాట్లంటే రెండు డయోడ్ల కిరణాలని ఒకచోటికి తెస్తారు, 20 అంటే నాలుగు. అందుకే కొనేముందు ఒకే ప్రశ్న అడగండి, అదీ మెసేజ్‌లో, రేపు చూపించడానికి పనికొస్తుంది: ఆప్టికల్ అవుట్‌పుట్ ఎన్ని వాట్లు? ‘40 వాట్ల క్లాస్’, ‘40 వాట్లతో సమానం’ లాంటి నాన్చుడు మొదలైందా, ఇక ఆ బేరం వదిలేయండి.

ఇంకో క్లూ ప్రకటనలోనే ఉంది, నాకే తెలియలేదు. అందులో గాజులా మెరిసే యాక్రిలిక్ స్నోఫ్లేక్‌లు కోస్తున్నట్టు చూపించారు. ఈ డయోడ్లది 450 నానోమీటర్ల ప్రాంతంలో ఉండే నీలి కాంతి. రంగులేని యాక్రిలిక్‌లోంచి అది కిటికీ అద్దంలోంచి ఎండ వచ్చినట్టు బయటికి వెళ్లిపోతుంది, కోయదు. అది కోయాలంటే 10,600 నానోమీటర్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్ ఉండాలి. అంటే వీడియోలో కోసింది వేరే మెషీన్, అమ్మింది వేరే మెషీన్.

ఇక ప్లైవుడ్. తెగిన స్నోఫ్లేక్‌ల ఆరు కొమ్మల్లో ఎప్పుడూ ఎదురెదురుగా ఉన్న రెండే విరుగుతున్నాయి. మొదట నా డిజైన్‌దే తప్పనుకున్నాను. విరిగిన చోట భూతద్దం పెట్టి చూస్తే సంగతి తెలిసింది. పైనా కిందా కాగితమంత పొరలు, మధ్యలో ఒకటే మందపాటి చెక్క. ఆ మధ్య చెక్క నారకి అడ్డంగా పడిన కొమ్మలకి బలం ఎక్కణ్నుంచి వస్తుంది? జిగురు కూడా నల్లటి రకం, బయట వాడే ప్లైవుడ్‌కి పూసేది. అది మాడుతుందే తప్ప సులువుగా తెగదు. చీకట్లో షీటు వెనక గట్టి టార్చి వేసి చూడండి. లోపల ముడులు, అతుకులు ఉన్నచోట నల్లటి మచ్చలు కనిపిస్తాయి. లేజర్ సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. నా షీట్లలో మచ్చలేనిది ఒక్కటీ లేదు.

తెల్ల స్టిక్కర్ షీట్లని లేజర్ కింద అసలు పెట్టకండి. కిట్‌తో వచ్చిన సూచనల కాగితంలో మాత్రం వాటిని లేజర్ కింద పెట్టి కోయమని బొమ్మ వేసి మరీ చూపించారు. కవర్ మీద చూస్తే వినైల్ అని ఉంది, అంటే పీవీసీ. అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది. మెషీన్ ఇనుము తుప్పు పట్టడం తర్వాతి మాట, ముందు మన ఊపిరితిత్తులు. నేను పెట్టకముందే చదవడం నా అదృష్టం.

అన్నిటికన్నా కోపం తెప్పించినవి కళ్లద్దాలు. ఆకుపచ్చ ప్లాస్టిక్, అంతే. నిజమైన లేజర్ కళ్లద్దాల మీద ఏ తరంగదైర్ఘ్యాలకి పనికొస్తాయో, ఆప్టికల్ డెన్సిటీ ఎంతో అచ్చువేసి ఉంటుంది. డెన్సిటీ 4 అంటే పదివేలలో ఒక వంతు కాంతే లోపలికి వస్తుంది. నాకు పంపినవాటి మీద ఒక్క అంకె లేదు. ఐదు వాట్లేగా అని తేలిగ్గా తీసుకోకండి. అర వాటు దాటితేనే క్లాస్ 4, అన్నిటికన్నా ప్రమాదకరమైన తరగతి. చెక్క మీద పడి చెదిరిన వెలుగు కూడా కంటిని దెబ్బతీయగలదు. చెప్పిన పనికి చాలని పవర్, కన్ను పోగొట్టడానికి మాత్రం బోలెడు.

అమ్మినవాళ్లని అడిగితే మొదటి జవాబు ‘మీ ఫోకస్ తప్పు’. అడాప్టర్ ఫోటో పంపితే ‘40 అనేది ఎలక్ట్రికల్ పవర్, అది అందరికీ తెలుసు’ అన్నారు. మాన్యువల్ పేజీ పంపాక, పెట్టె తెరిచారు కాబట్టి వాపసు లేదన్నారు. ఆ తర్వాత జవాబే లేదు.

నిజం చెప్పాలంటే గీతలు, అక్షరాలు చెక్కడానికి ఈ మెషీన్ బాగానే ఉంది. ముందే కోసి అమ్మే గుండ్రటి బిళ్లలు తెచ్చి, పైన మాస్కింగ్ టేప్ అంటించి, దాని మీద స్నోఫ్లేక్ చెక్కితే మసి టేప్‌తోపాటే లేచి వచ్చేస్తోంది. కళ్లద్దాలు వేరేవి కొన్నాను. 5 వాట్లని చెప్పి, 5 వాట్ల ధరకి అమ్మి ఉంటే ఈ పోస్టే రాసేవాణ్ని కాదు.

నిన్న మళ్లీ వెతికితే అదే మెషీన్ ఇంకో పేరుతో కనిపించింది. అవే ఫోటోలు, అదే యాక్రిలిక్ వీడియో. 40 పోయి 80 అయింది. అడాప్టర్ ఫోటో మాత్రం ఎంత వెతికినా లేదు.