వేడి మీదా, చల్లారాకా? పదేళ్లు మూడు రకాలుగానూ ఆయిల్ మార్చి చూశాక

కారు ఇంజిన్ ఆయిల్ నేనే మార్చుకోవడం మొదలుపెట్టి పదేళ్లు దాటింది. మొదటి ఆరేళ్లు పెట్రోల్ బండి, తర్వాత డీజిల్. బండి తిప్పి తెచ్చిన వెంటనే వేడి మీద తీశాను, రాత్రంతా నిలిపి ఉంచి పొద్దున్నే చల్లగా తీశాను, గోరువెచ్చగా ఉన్నప్పుడూ తీశాను. నాలుగేళ్లుగా మాత్రం గోరువెచ్చని పద్ధతి వదల్లేదు.

మొదట్లో అందరూ చెప్పిన మాటే పట్టుకున్నాను: వేడిగా ఉంటే ఆయిల్ పలచబడి మురికంతా దానితోపాటే బయటికొచ్చేస్తుందని. అందుకే అరగంట బండి నడిపి, ఇంజిన్ ఆపీ ఆపగానే కిందికి దూరేవాణ్ణి. ఆయిల్ నిజంగానే నీళ్లలా దూకేది, మూడు నాలుగు నిమిషాల్లో ధార చుక్కల్లోకి మారేది. అయితే బాగా తిరిగిన ఇంజిన్‌లో ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల దాకా ఉంటుంది. 60 డిగ్రీల నీళ్లు పడితేనే కొన్ని సెకన్లలో చర్మం కాలుతుంది. ఆయిల్ అయితే అంటుకుని అక్కడే ఉంటుంది. మూడోసారి మారుస్తున్నప్పుడు, ఆయిల్ దిగేందుకు ఇంజిన్ అడుగున ఉండే బోల్టు ఆఖరి మర నుంచి ఊడే క్షణంలో చేయి వెనక్కి తీసుకోవడం ఆలస్యమైంది. ఆయిల్ మణికట్టు మీదుగా మోచేతి దాకా పాకింది. రెండు వారాలు కట్టుతో తిరిగాను. వేసుకున్న పలచని నైట్రైల్ గ్లవ్స్ మురికి అంటకుండా కాపాడతాయే గానీ వేడిని ఆపవు. ఆ బండిలో ఆయిల్ ఫిల్టర్ సైలెన్సర్ పైపు పక్కనే ఉండేది. ఫిల్టర్ తిప్పుతూ ముంజేయి ఆ పైపుకు తగిలించుకోవడం ఇంకో బాధ.

ఆ భయంతో రెండేళ్లు పూర్తిగా చల్లారాకే తీశాను. ఇందులోనూ ఒక న్యాయం ఉంది. రాత్రంతా నిలిపితే ఇంజిన్ పైభాగంలో ఉన్న ఆయిల్ మెల్లగా దిగి చాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి చేరుతుంది. చేయి కాలదు, తొందరపడాల్సిన పని లేదు. ఎండాకాలంలో ఏ ఇబ్బందీ కనిపించలేదు. చలికాలంలో మాత్రం ఓపిక నశించేది. పావుగంట దాటినా దారంలా సాగుతూనే ఉండేది. ఆ సన్నని ధార కాస్త గాలి వీచినా పక్కకు వంగి ట్రే బయట పడేది.

ఈ తేడా ఎంతో తెలుసుకోవాలని ఆయిల్ డేటా షీట్లు చదివాను. నేను వాడే 5డబ్ల్యూ-30 రకం ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఉన్నదానికన్నా 40 డిగ్రీల దగ్గర దాదాపు ఆరు రెట్లు చిక్కగా ఉంటుంది. 10 డిగ్రీలకు దిగితే 40 దగ్గర ఉన్నదానికి మళ్లీ కొన్ని రెట్లు చిక్కనవుతుంది. చిక్కదనం వేడితో సమానంగా తగ్గదు, మొదటి మెట్లలోనే ఎక్కువగా పడిపోతుంది. అంటే చల్లటి ఆయిల్‌ను 50 డిగ్రీల దాకా తెస్తే చాలు, పలచబడటంలో పెద్ద భాగం అయిపోయినట్టే. అక్కడి నుంచి 100కు తీసుకెళితే కలిసొచ్చేది కొద్ది నిమిషాలే, చేతికి ప్రమాదం మాత్రం చాలా ఎక్కువ. నా మనసు మార్చింది ఈ ఒక్క లెక్కే.

ఇక మురికి సంగతి. చల్లగా తీస్తే మురికంతా అడుగున ఉండిపోతుందన్న భయం నాకూ ఉండేది. కానీ ఇప్పటి ఇంజిన్ ఆయిల్‌లో మసి రేణువులను విడివిడిగా, తేలుతూ ఉంచే రసాయనాలు కలుపుతారు. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లగా మారేది అందుకే. ఆ మసి చల్లారినంత మాత్రాన ఒక్క రాత్రిలో అడుక్కి పేరుకోదు. తీసిన ఆయిల్ ఒక గాజు సీసాలో పోసి వారం పాటు కదపకుండా ఉంచాను. పై నుంచి అడుగు దాకా ఒకే నలుపు. కాస్త పెద్ద రేణువులను పట్టడం ఫిల్టర్ పని. ఏళ్ల తరబడి గోడలకు అట్టకట్టిన జిడ్డు అయితే ఎంత వేడి మీద తీసినా ఒక్కసారికి రాదు. దాన్ని రాకుండా చూసుకోవాలంటే సమయానికి మార్చడమే దారి.

తీసిన ఆయిల్ గీతలున్న డబ్బాలో కొలిచేవాణ్ణి. మూడున్నర లీటర్లు పట్టే బండిలో, చుక్కలు ఆగేదాకా కూర్చుంటే, వేడికీ చల్లదానికీ మధ్య తేడా ఎప్పుడూ 100 మిల్లీలీటర్లు దాటలేదు. దానికన్నా బండి వాలే ఎక్కువ తేడా తెచ్చింది. ముందు చక్రాలు ర్యాంపుల మీద ఎక్కించినప్పుడు, బోల్టు చాంబర్ వెనక వైపు ఉంటే మంచిదే. ముందు వైపు ఉంటే మాత్రం ఆయిల్ వెనక్కి చేరి లోపలే ఉండిపోతుంది. ఇంకో మాట, ఇది కచ్చితంగా పాటించండి: జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండి కిందికి ఎప్పుడూ వెళ్లొద్దు. స్టాండ్లు గానీ ర్యాంపులు గానీ ఉండాల్సిందే.

ఇప్పుడు చేసేది ఇలా. చల్లటి ఇంజిన్‌ను ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతాను, చలికాలమైతే పది. ఆపాక పావుగంట ఆగుతాను. పైకి పంపయిన ఆయిల్ దిగడానికి ఆ మాత్రం టైమ్ ఇవ్వాలి. డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు చూసి ఆయిల్ వేడి అంచనా వేయొద్దు. అది కూలెంట్ వేడి, ఆయిల్ దానికన్నా నిదానంగా వేడెక్కుతుంది. నేను ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చాంబర్ అడుగు చూస్తాను, 50 అటూ ఇటూ ఉంటే మొదలుపెడతాను. దూరం వెళ్లి వచ్చిన రోజున అక్కడికి దిగడానికి గంట పైనే పట్టింది. అందుకే అలాంటి రోజున పని పెట్టుకోను.

ఆయిల్ దిగడం మొదలుపెట్టే ముందే ఇంజిన్ పైన ఆయిల్ పోసే చోటి మూత తీస్తాను, లోపలికి గాలి ఆడి ధార సాఫీగా వస్తుంది. బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తదే వేస్తాను. ఒకసారి బయట సర్వీసు చేయించినప్పుడు ఎవరో ఆ బోల్టు బలమంతా పెట్టి బిగించారు. తర్వాత నేను విప్పితే అల్యూమినియం చాంబర్ మరలు కూడా దాంతోపాటు ఊడొచ్చాయి. నాకు నిజంగా కోపమొచ్చింది. అప్పటి నుంచి ముందు చేత్తోనే తిప్పి, మాన్యువల్‌లో చెప్పినంత బలంతోనే టార్క్ రెంచ్‌తో (బిగింపు బలం కొలిచే పానాతో) బిగిస్తున్నాను. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోలేదు కదా అని కూడా చూసుకోండి. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే ఆయిల్ కారిపోతుంది.

బోల్టు విప్పకుండా, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) గొట్టం ద్వారా ఆయిల్ పైకి లాగే పంపు వాడేవాళ్లకు ఈ గోరువెచ్చదనం ఇంకా అవసరం. చల్లటి ఆయిల్ ఆ సన్నటి పైపులో చాలా నిదానంగా కదులుతుంది. 0డబ్ల్యూ-20 లాంటి పలచని ఆయిల్ వాడుతూ, వాతావరణం 35 డిగ్రీలున్న రోజున బోల్టు విప్పి తీసేవాళ్లు మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే పని ముగించవచ్చు.

ఈ పద్ధతిలో నాకున్న ఒకే ఒక్క అసంతృప్తి, తీసిన ఆయిల్‌ను వెంటనే డబ్బాలోకి ఎత్తాలనిపించడం. 50 డిగ్రీల ఆయిల్ ఇంకా వేడిగానే ఉంటుంది, పలచని ప్లాస్టిక్ డబ్బా మెత్తబడొచ్చు. ఇప్పుడు ట్రే మూతపెట్టి సాయంత్రం దాకా ఉంచి, చల్లారాక డబ్బాలో పోసి, పాత ఆయిల్ సేకరించే చోట ఇచ్చి వస్తున్నాను.