స్కార్‌ఫేస్‌ని మళ్లీ తీస్తే: బీరు దారి మేలా, కొకైన్ దారి మేలా?

హోవర్డ్ హాక్స్ 1932లో తీసిన ‘స్కార్‌ఫేస్’, బ్రయాన్ డి పాల్మా 1983లో తీసిన ‘స్కార్‌ఫేస్’ రెండూ వరసగా చూడండి. అస్థిపంజరం ఒక్కటే. గ్యాంగ్‌స్టర్ హీరో టోనీ మాట మీద బాస్‌ని కాల్చేది ప్రాణస్నేహితుడు. బాస్ ప్రేయసి టోనీ పక్కకి వస్తుంది. ఆ స్నేహితుడే టోనీ చెల్లెల్ని పెళ్లాడితే, సంగతి తెలియక టోనీ వాణ్నే కాల్చేస్తాడు. రెండింటికీ తేడా సరుకులో ఉంది.

పాతదానిలో మద్యనిషేధం నాటి షికాగో, అక్కడ సరుకు బీరు. పీపాలు బరువు, లారీలు కావాలి, పేటపేటకీ దొంగచాటు బార్లు కావాలి. అందుకే కొట్లాటంతా ఏరియా కోసం: సౌత్ సైడ్ ఎవరిది, నార్త్ సైడ్ ఎవరిది అని. తుపాకులు వీధిలో పేలడానికి కారణం ఉంది. కొత్తదానిలో మయామీ, అక్కడ కొకైన్. అది సూట్‌కేసులో ఇమిడిపోతుంది కాబట్టి పేటతో పనిలేదు, బొలీవియా నుంచి పంపేవాడు కావాలి. సోసా పాత్ర అలా అవసరమైంది. వచ్చిన డబ్బు సంచులకొద్దీ బ్యాంకుకి చేరాలి, పోలీసులు వల పన్నేది ఆ డబ్బు మార్చుకునే చోటే. గంటన్నర సినిమా 170 నిమిషాలకు పెరగడానికి ఇదో కారణం.

పతనం దగ్గర మాత్రం పాతదే గట్టిది. ఆ స్నేహితుణ్ని, రినాల్డోని చంపినందుకే పోలీసులు ఇల్లు చుట్టుముడతారు. ఒక్క తూటాతో అంతా కూలుతుంది. కొత్తదానిలో సోసా చంపమన్న మనిషి కారులో పిల్లలున్నారని టోనీ బాంబు పేలనివ్వడు, అందుకు సోసా మనుషులు వస్తారు. ఆ జాలి బాగానే ఉంది కానీ, చెల్లెలి కథ పక్కకి జరిగిపోయింది.

ఇప్పుడు తెలుగులో తీయాలంటే? ఎర్రచందనం సులువు: దుంగకి బీరు పీపా బరువుంది, పైగా సోసా స్థానంలో విదేశీ కొనుగోలుదారూ ఉన్నాడు. కానీ 2021లో ‘పుష్ప’ వచ్చాక చెక్‌పోస్టు సీను ఎలా నడుస్తుందో ప్రేక్షకుడికి ముందే తెలుసు. ఆన్‌లైన్ బెట్టింగ్ కొత్తది, అయితే గోదాము లేదు, లారీ లేదు, కెమెరా దేన్ని చూపాలి? కూలీల పేరిట తెరిచిన అద్దె ఖాతాల్ని, ఏటీఎంల దగ్గర నగదు తీసే కుర్రాళ్లని. గ్యాంగుల గొడవ ఆ కుర్రాళ్ల కోసమే పెట్టాలి; లేకపోతే రెండో సగమంతా లాప్‌టాప్ తెరలే మిగులుతాయి.

నా ఓటు బెట్టింగుకే. డబ్బు దారి 1983 నుంచి, పతనం 1932 నుంచి తీసుకోవాలి. స్నేహితుడి చావు తప్ప పోలీసుల్ని గుమ్మం దాకా తెచ్చే కారణం ఇంకొకటి ఉండకూడదు.