చామంతి తోటలో బల్బులు: నాలుగు ఉగాదుల తర్వాత

మాది పలమనేరు పక్క పల్లె. అర ఎకరా చామంతిలో రాత్రిపూట ఎల్‌ఈడీ బల్బులు వెలిగించడం మొదలుపెట్టాక 2022 నుంచి 2025 దాకా నాలుగు ఉగాది పంటలు తీశాను. దారిన పోయేవాళ్లు బండి ఆపి మరీ అడుగుతుంటారు, "అన్నా, పెట్టిన డబ్బు వస్తుందా?" అని. వస్తుంది. అయితే బల్బులు కట్టడం సులభం, అవి ఆర్పేశాక చీకటిని కాపాడుకోవడమే కష్టం. నాకు దెబ్బ తగిలిన ప్రతిసారీ చీకటి దగ్గరే తగిలింది.

చామంతికి రాత్రి పొడుగ్గా ఉంటే మొగ్గ వేయాలనిపిస్తుంది. ఉగాదికి పూలు కావాలని నవంబరు చివర్లో నారు నాటితే, ఆ రోజుల్లో రాత్రి పన్నెండున్నర గంటలు దాటి ఉంటుంది. జానెడు మొక్కకే మొగ్గలొచ్చేస్తాయి. కొమ్మా ఉండదు, కాడా ఉండదు, మొక్కకు నాలుగు పూలు పూసి అయిపోతుంది. నడిరాత్రి కాసేపు వెలుతురు చూపిస్తే మొక్క దాన్ని ఒక పెద్ద రాత్రిగా కాక రెండు చిన్న రాత్రులుగా లెక్కేసుకుంటుంది. మొగ్గ మాట పక్కనబెట్టి కొమ్మలు వేస్తుంది.

ఇది కొత్తగా తెలిసిన సంగతేమీ కాదు. ఎంతకీ పూయని ఒక పొగాకు రకం పట్టుకుని, పూతకు రోజు పొడవుతో సంబంధం ఉందని గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు 1920లోనే రాశారు. 1938లో హామ్నర్, బోనర్ అనేవాళ్లు అసలు లెక్క పగటిది కాదు, రాత్రిదని తేల్చారు. వాళ్లు పరీక్ష చేసింది మన గట్ల మీద పంచెకు అంటుకునే ముళ్లకాయల మొక్క జాతి మీదే. ఆకులో ఫైటోక్రోమ్ అనే పదార్థం వెలుతురును కనిపెడుతుంది. అందులోనూ ఎర్ర వెలుతురును బాగా పడుతుంది. చామంతిలో అయితే నడిరాత్రి వెలుతురు పడితే పూతను ఆపే ఒక ప్రోటీన్ ఆకులోనే తయారై కొమ్మ చివరికి చేరుతుందని 2013లో జపాన్ వాళ్లు చూపించారు. మొగ్గ వచ్చేది కొనలో, కబురు వెళ్లేది ఆకు నుంచి. అందుకే బల్బు వెలుగు ఆకుల మీద పడాలి.

నేను కట్టింది 9 వాట్ల బల్బులు, పదడుగులకు ఒకటి, మొత్తం 215. రాత్రి 10 నుంచి 2 దాకా వెలిగితే ఎనిమిది యూనిట్ల లోపే. నలభై రాత్రులు వెలిగిస్తాను. ఆర్పాక మా రకానికి పూలు కోతకు రావడానికి 65 రోజులు పడుతుంది. కొన్ని రకాలకు ఇంకా ఎక్కువ పడుతుంది, నారు కొన్నప్పుడే అడిగి తెలుసుకోండి.

మొదటి ఏడాది చవగ్గా వచ్చాయని తెల్ల బల్బులు తెచ్చాను. మంచు తడికి జనవరిలోపే పాతిక దాకా పోయాయి. ఒక మూల వరసగా మూడు మాడిపోతే పది రోజులు గమనించలేదు. బల్బులు పోయిన సంగతి మొక్కల మీద గీత గీసినట్టు కనిపించింది. చుట్టూ మొక్కలు మోకాలి ఎత్తు ఉంటే, ఆ మూడు బల్బుల కింద మాత్రం గుండ్రంగా పళ్లెంలా గుంట పడ్డట్టు, జానెడు మొక్కలు, అప్పుడే పసుపు చూపిస్తున్న మొగ్గలు. మా నాయన చూసి "ఎవరో గిన్నె బోర్లించినట్టుంది కదరా" అన్నాడు. రెండో ఏడాది నుంచి పసుపు వెలుగు బల్బులే, హోల్డరుకు రబ్బరు మూత ఉన్నవే వాడుతున్నాను. వాటిలో ఎరుపు పాలు ఎక్కువ. బల్బుకీ బల్బుకీ మధ్య మొగ్గలు రావడం తగ్గింది. వారానికోసారి రాత్రి లేచి తోట చుట్టి రావడం మాత్రం తప్పదు. ఏ రాత్రి కరెంటు పోయిందో పొద్దున్నే ఫోన్లో రాసుకుంటాను. వరసగా రెండు మూడు రాత్రులు పోతే టెన్షన్.

పది నిమిషాలు వెలిగి ఇరవై నిమిషాలు ఆరే టైమర్ పెట్టినా సరిపోతుందంటారు. రెండు మడుల్లో పెట్టి చూశాను, పనిచేసింది. మిగిలే యూనిట్లు ఎన్నో లెక్కేసుకుని, అర ఎకరాకు ఆ తిప్పలు ఎందుకని వదిలేశాను. రెండెకరాలున్నవాళ్లకు పనికొస్తుంది.

2024లో జరిగింది పూర్తిగా నా తప్పే. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది, జనవరి 13న ఆర్పాను, సరిగ్గా అందింది. మరుసటేడు అదే తేదీకి ఆర్పేశాను. అధిక శ్రావణం వచ్చిపోయిందని, ఉగాది ఏప్రిల్ 9కి వెళ్లిందని అమ్మ పంచాంగం తీసి చెప్పేసరికి మొగ్గలు బఠాణీ గింజంత అయ్యాయి. మళ్లీ బల్బులు వేసినా మొగ్గ వెనక్కి పోదు. పండగకు మూడు వారాల ముందే పూలు విచ్చుకుంటే వచ్చిన ధరకు అమ్ముకున్నాం.

బంగారుపాళెంలో మా బావది మామిడి తోట. ఆయన మొదళ్లలో మందు పోసి పూత తెప్పిస్తాడు. అది కొమ్మ ఎదుగుదలను ఆపే మందు, రాత్రి పొడవుతో దానికి పనిలేదు. రెండూ ఒకటే అనుకుని నన్ను మందు పేరు అడిగేవాళ్లున్నారు.

నేను ఇంకా గెలవనిది ఒక్క వీధిదీపాన్నే. రోడ్డు పక్క వరుస మీద రాత్రంతా దాని వెలుగు పడుతుంది. తోట అంతా పూసినా ఆ వరుస పచ్చగా, నడుమెత్తు, ఒక్క మొగ్గ లేకుండా నిలబడి ఉండేది. తీయించమని అడగలేం. తెల్లవారుజామున ఆడవాళ్లు పాల క్యాన్లు పట్టుకుని నడిచేది ఆ వెలుగులోనే. ఒక ఏడాది నల్ల టార్పాలిన్ అడ్డం కట్టాను, గాలికి చినిగింది. ఇప్పుడు ఆ వరుసలో టమాటా వేస్తున్నాం. దానికి రాత్రి పొడవుతో పట్టింపు లేదు.